గుమ్మడికాయకి 81, నాకు 64: మెదడు తరంగాలు చూపించే పట్టీ ఎనిమిది నెలలు వాడాక

మొన్న సంక్రాంతికి మా బావమరిది అమెరికాలోని ఫ్రిస్కో నుంచి వస్తూ దీన్ని తెచ్చాడు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని మా ఆవిడ వాడికి ఫోన్లో చెప్పిందట. "బావా, ఇది నుదుటికి పెట్టుకుని పడుకో, నీ బ్రెయిన్ వేవ్స్ చూసి అదే నిద్రపుచ్చుతుంది" అని పెట్టె చేతిలో పెట్టాడు. ధర అడిగితే నవ్వేశాడు గానీ తర్వాత నేనే సైట్లో చూసుకున్నాను, మన డబ్బుల్లో పాతిక వేల పైమాటే, యాప్‌కి ఏడాదికోసారి కట్టే చందా మళ్లీ వేరే. ఎనిమిది నెలలు వాడాను, మధ్యలో ఒక నెలన్నర బీరువాలో పడేశాను, మళ్లీ తీశాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటివి నాలుగైదు కంపెనీలు అమ్ముతున్నాయి, నేను చెప్పే తిప్పలు చాలావరకు అన్నిటికీ ఉండేవే, పైగా వాళ్ల కస్టమర్ కేర్‌తో నాకో గొడవ నడుస్తోంది కాబట్టి పేరు పెడితే కక్షతో రాసినట్టుంటుంది.

వస్తువు చూడ్డానికి బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. మెత్తటి గుడ్డ పట్టీ, నుదుటి మీద రెండు సెన్సర్లు, చెవుల వెనక రెండు, సరిగ్గా కనుబొమల మధ్య పైన ఇంకొకటి. ఆ మధ్యది కొలవడానికి కాదు, మిగతా నాలుగింటినీ దేనితో పోల్చి చూడాలో ఆ ఆధారం కోసం. అది వచ్చి కూర్చునేది కచ్చితంగా బొట్టు పెట్టుకునే చోట. మా ఆవిడ ఒకసారి సరదాగా పెట్టుకుంటే యాప్ "సిగ్నల్ లేదు" అంది, బొట్టు తీసి మళ్లీ పెట్టుకోమన్నాను, "నేను తియ్యను, దాన్నే జరగమను" అంది. ఆవిడ ప్రయోగం అక్కడితో సమాప్తం. డిజైన్ చేసినవాళ్లకి ఆ చోట మనవాళ్లు ఏం పెట్టుకుంటారో తట్టినట్టు లేదు, విభూతి పెట్టుకునే మా పక్కింటి మాస్టారికీ ఇదే సమస్య వచ్చింది.

కాకినాడలో దీన్ని వాడటం ఎలా ఉంటుందో చెప్పాలంటే ముందు అది ఏం కొలుస్తుందో కొంచెం చెప్పాలి. మెదడులో లక్షల కణాలు ఒకే లయలో పనిచేసినప్పుడు పుట్టే విద్యుత్తు పుర్రెనీ చర్మాన్నీ దాటి పైకి వచ్చేసరికి మిగిలేది పదుల మైక్రోవోల్టులు. రిమోట్‌లో వేసే పెన్సిల్ బ్యాటరీ ఒకటిన్నర వోల్టు, అంటే పదిహేను లక్షల మైక్రోవోల్టులు. దాంట్లో ముప్పై వేలో వంతుని మీరు నుదుటి మీద వెతుకుతున్నారన్నమాట. అలాంటప్పుడు తలకి కొబ్బరినూనె ఉంటే సెన్సర్ ఏం అందుకుంటుంది? మొదటి వారమంతా నాకు సిగ్నల్ రాలేదు, పట్టీ పాడైందేమోనని బావమరిదికి వీడియో కాల్ చేసి తిట్టాను కూడా, చివరికి చూస్తే చెవుల వెనక నూనె జిడ్డు. తలస్నానం చేసి నూనె రాయకుండా పెట్టుకుంటే వెంటనే పలికింది. ఇక ఏప్రిల్ వచ్చాక చెమట. చెమట పడితే గీత మొత్తం అలలా పైకీ కిందకీ ఊగుతుంది, యాప్ దాన్ని గాఢనిద్ర తరంగం అనుకుంటుందో ఏమో గానీ, కరెంటు పోయి ఉక్కపోతలో గంటన్నర విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్న రాత్రి నాకు నలభై నిమిషాల గాఢనిద్ర పట్టిందని పొద్దున్నే చూపించింది.

పెట్టెతో ఇచ్చిన చిన్న పుస్తకంలో నాకు నచ్చిన మాట ఒక్కటీ లేదు. అంతా "మీ మనసుని తెలుసుకోండి" ధోరణి. కానీ యాప్‌లో ఓ మూల, సెట్టింగుల్లోపల, అసలు సిగ్నల్‌ని ఉన్నది ఉన్నట్టు గీతల్లో చూపించే పేజీ ఉంది. ఈ పాతిక వేల వస్తువులో నా లెక్కలో పాతిక వేలు చేసేది ఆ ఒక్క పేజీయే, దాన్ని వాళ్లు ఎందుకు దాచారో అర్థం కాదు. అది తెరిచి కళ్లార్పితే తాటిచెట్టంత గీత లేస్తుంది. ఎందుకంటే కన్ను తనంతట తానే ఒక చిన్న బ్యాటరీ లాంటిది, ముందు వైపు ప్లస్, వెనక మైనస్, రెప్ప వాలినప్పుడు అది కదిలి నుదుటి మీద మెదడు సిగ్నల్‌ని మించిన అలని లేపుతుంది. జంతిక నమిలితే స్క్రీన్ అంతా నల్లగా అలుక్కుపోతుంది, అది దవడ కండరం. కనుబొమలు ముడేస్తే ఒక రకం, పళ్లు బిగిస్తే ఇంకో రకం. ఈ కండరాల సందడి ఎక్కువగా పడేది ఇరవై హెర్ట్జ్‌లు (సెకనుకి ఇరవై అలలు) దాటిన చోట, యాప్ "మీ మనసు చురుగ్గా తిరుగుతోంది" అని చెప్పడానికి వాడుకునే బీటా తరంగాలు చాలావరకు ఉండేదీ అక్కడే. కాబట్టి యాప్ మీతో "ఏకాగ్రత తప్పింది" అన్నప్పుడు నిజంగా తప్పింది ఏకాగ్రతో, దవడో చెప్పడం కష్టం.

ఇప్పుడు కళ్లు మూసుకోండి. చెవుల వెనక సెన్సర్ల గీత రెండు మూడు సెకన్లలో మారిపోతుంది, సెకనుకి పది చొప్పున ఒకే తీరు అలలు వరసగా వస్తాయి, కళ్లు తెరవగానే మాయం. మొదటిసారి చూసినప్పుడు (మరి కళ్లు మూసుకుని ఎలా చూశానంటే, స్క్రీన్ రికార్డ్ చేసి) నాకు ఒళ్లు జలదరించింది. ఇదే ఆల్ఫా. దీన్ని మొట్టమొదట మనిషిలో చూసినాయన హాన్స్ బెర్గర్, జర్మనీలోని యెనాలో మానసిక వైద్యుడు. ఆయన కుర్రతనంలో సైన్యంలో ఉండగా గుర్రం మీంచి పడి ఫిరంగి బండి చక్రం కింద నలిగిపోబోయి తప్పించుకున్నాడు, ఆ రోజే ఎక్కడో ఇంట్లో ఉన్న అక్కకి తమ్ముడికి ఏదో అయిందని గుండె దడదడలాడి తండ్రి చేత టెలిగ్రాం ఇప్పించింది. ఒక మనసు నుంచి ఇంకో మనసుకి ఏదో శక్తి వెళ్లిందని ఆయన నమ్మేశాడు, దాన్ని పట్టుకోవాలని ఏళ్ల తరబడి తలలకి తీగలు తగిలించాడు. 1924లో పుర్రెలో ఒకచోట ఎముక లేని ఓ పదిహేడేళ్ల కుర్రాడి తలమీద తొలి గీత దొరికింది, తర్వాత కొడుకు తలమీద బోలెడన్నిసార్లు తీశాడు, నమ్మకం చాలక 1929 దాకా అచ్చుకి ఇవ్వలేదు. ఇచ్చాక కూడా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, 1934లో కేంబ్రిడ్జ్‌లో ఏడ్రియన్, మాథ్యూస్ అనే శాస్త్రవేత్తలు మళ్లీ చేసి చూపించాకే లోకం తలూపింది. వెతికింది టెలిపతీ, దొరికింది ఈఈజీ, అంటే తలమీంచి మెదడు విద్యుత్తుని గీతలుగా తీసే పరీక్ష. తమ్ముడి ఆపద అక్కకి ఎలా తెలిసిందో ఆ గీతలు ఇప్పటికీ చెప్పవు, నా పట్టీ కంపెనీవాళ్లు మాత్రం నా మనసు నాకే చెబుతామంటున్నారు.

అసలు గొడవంతా మార్కులతో. రోజూ పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుంటే చివర్లో నూటికి ఇన్ని అని "ప్రశాంతత మార్కు" వేస్తుంది. మనసు కుదురుగా ఉంటే చెవిలో సముద్రం నెమ్మదిగా వినిపిస్తుంది, చెదిరితే తుఫాను. తుఫాను వినగానే నాకు టెన్షన్, టెన్షన్‌కి ఇంకా పెద్ద తుఫాను. మూడు నెలల్లో నా అత్యధికం 64. బ్యాంకులో ఏడాది చివర టార్గెట్లు చాలక ఇంటికొచ్చి ఇదొక టార్గెట్. ఓ రోజు అమ్మని కూర్చోబెట్టాను. అమ్మ అరవై ఏళ్లుగా రోజూ పొద్దున విష్ణు సహస్రనామం చదువుతుంది, ఆ టైములో పక్కన టపాకాయ పేలినా తలతిప్పదు. పట్టీ పెట్టుకుని చదివింది. 22 వచ్చింది. చదువుతుంటే పెదాలూ దవడా కదులుతాయి కదా, మరి ఏం వస్తుంది. "ఒరేయ్, నా మనశ్శాంతికి మార్కులెయ్యడానికి వాడెవడ్రా" అని పట్టీ తీసి పూజగది గడప మీద పెట్టి వెళ్లిపోయింది.

అప్పుడు పుట్టింది గుమ్మడికాయ ఆలోచన. 1970లలో కెనడాలో ఏడ్రియన్ అప్టన్ అనే న్యూరాలజిస్టు, నిమ్మకాయ రుచి జెల్లీ ముద్దకి ఈఈజీ తీగలు తగిలించి గీత తీశాడు. చుట్టూ ఉన్న ఆస్పత్రి యంత్రాల, మనుషుల కదలికల సందడి అంతా జెల్లీలో పడి మనిషి మెదడులా కనిపించే అలలు వచ్చాయి. మెదడు చనిపోయిందో లేదో గీతని చూసి తేల్చేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలో చూపించడానికి చేసిన పని అది, సరదాకి కాదు. నేను సరదాకే చేశాను. దిష్టికి కట్టడానికి తెచ్చిన బూడిద గుమ్మడికాయ తీసుకుని, ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డ చుట్టి, దాని మీద పట్టీ బిగించి, ఫ్యాన్ కింద బల్ల మీద పెట్టాను. రెండుసార్లు సిగ్నల్ లేదంది. మూడోసారి తీసుకుంది. పది నిమిషాలు గుమ్మడికాయ ధ్యానం చేసింది. 81. "అద్భుతం, ఈ వారం మీ అత్యుత్తమ ధ్యానం ఇదే" అని చప్పట్ల బొమ్మతో సహా వచ్చింది. స్క్రీన్‌షాట్ మా ఇంటి గ్రూపులో పెడితే బావమరిది రెండు రోజులు మాట్లాడలేదు.

ఇలా అంటే ధ్యానంలో మెదడు మారదని కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆనంద్, ఛీనా, సింగ్ అనే ముగ్గురు 1961లోనే యోగుల తలలకి తీగలు పెట్టి చూశారు. మామూలు మనిషికి ఆల్ఫా వస్తుండగా పక్కన చప్పుడు చేస్తే అది చెదిరిపోతుంది, సమాధిలో ఉన్నారన్న ఆ యోగులకి వెలుగూ చప్పుడూ వేడీ దేనికీ చెదరలేదు. ఇద్దరైతే మంచులాంటి నీళ్లలో ముప్పావుగంటపైన చెయ్యి పెట్టుకుని కూర్చున్నా ఆల్ఫా అలాగే ఉంది. చాలా కొద్దిమంది మీద చేసిన పని, దాని మీద పెద్ద మేడ కట్టలేం, కానీ చేసిన తీరు చూడండి: వాళ్లు మార్కు వేయలేదు, కదిలించి చూశారు. తర్వాత అమెరికాలో జో కమియా అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మనిషి తన ఆల్ఫాని తనే గుర్తుపట్టి పెంచుకోవడం నేర్చుకోగలడని చూపించాడు, దాంతో 70లలో ఆల్ఫా యంత్రాల పిచ్చి పట్టింది, ఇంటింటికీ డబ్బాలు అమ్మారు. ఆల్ఫా పెరిగినంత మాత్రాన ఆనందం రాదు, వస్తుందని నమ్మినవాళ్లకి వస్తుందని తర్వాతి ప్రయోగాల్లో తేలుతూ వచ్చాక చల్లబడింది. ఇప్పుడు అదే సరుకు బ్లూటూత్‌తో వచ్చింది, అంతే.

నిద్ర సంగతి. న్యాయంగా చెప్పాలంటే నిద్ర దశలు చూపించడంలో ఇది నా చేతి గడియారం కంటే నయం. గడియారం మణికట్టు కదలికా గుండె వేగం చూసి ఊహిస్తుంది, ఇది మెదడు దగ్గరే వింటుంది, నిద్ర ల్యాబులో కూడా మనిషి కూర్చుని ముప్పై సెకన్ల ముక్కలుగా చూసేది ఇలాంటి గీతల్నే (అక్కడ కళ్లకీ గడ్డానికీ కాళ్లకీ కూడా తీగలుంటాయి, ఊపిరి కొలుస్తారు, అది వేరే స్థాయి). చెమట పట్టని రాత్రుల్లో నేను మెలకువ వచ్చి మంచినీళ్లు తాగిన టైములు సరిగ్గానే పట్టుకుంది. కానీ నిద్ర పట్టనివాడికి నిద్ర లెక్క చూపించడం మంచిదా? పొద్దున లేచి ఒళ్లు ఎలా ఉందో చూసుకోకుండా ఫోన్ చూసి "గాఢనిద్ర 38 నిమిషాలే" అని ఉంటే ఆ రోజంతా నేను నీరసంగా ఉండటం మొదలైంది. దీనికో పేరు కూడా పెట్టేశారు, 2017లో అమెరికా నిద్ర నిపుణులు ఆర్థోసోమ్నియా అన్నారు, ట్రాకర్ చెప్పిన లెక్కకి నిద్రని సరిచేసుకోబోయి ఉన్న నిద్ర పోగొట్టుకోవడం. దానికంటే నాకు నచ్చింది 2014లో కొలరాడోలో చేసిన ప్రయోగం: కాలేజీ పిల్లల్ని ఓ దొంగ మెదడు యంత్రానికి తగిలించి, రాత్రి నీకు కలల నిద్ర బాగా పట్టింది అని కొందరికీ, తక్కువైంది అని కొందరికీ నోటికొచ్చిన లెక్క చెప్పారు. తర్వాత అంకెల పరీక్ష పెడితే, తక్కువైందని విన్నవాళ్లు నిద్ర ఎలా పట్టిందని తాము చెప్పారన్న దానితో సంబంధం లేకుండా వెనకబడ్డారు. నా పట్టీ రోజూ పొద్దున్నే నామీద చేస్తున్న ప్రయోగం అచ్చంగా ఇదే, కాకపోతే డబ్బులు నేను కట్టాను.

మెదడు తరంగాలకి తర్ఫీదు ఇచ్చి నిద్రలేమి తగ్గిస్తామనే మాట కూడా డబ్బా మీద ఉంది. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ పరిశోధకులు 2017లో దీన్ని పరీక్షించి చూశారు, నిజం తర్ఫీదూ నకిలీ తర్ఫీదూ రెండూ ఇచ్చి, ఎవరికీ ఏది ఏదో చెప్పకుండా. రెండిటికీ జనం "నిద్ర మెరుగైంది" అన్నారు, నిజానికీ నకిలీకీ తేడా కనపడలేదు. గాఢనిద్ర అలల లయకి సరిపడేలా చిన్న చప్పుళ్లు వినిపిస్తే ఆ అలలు బలపడి జ్ఞాపకం మెరుగవుతుందన్న ఇంకో ఫీచరుకి మాత్రం వెనక అసలు పని ఉంది, జర్మనీలో 2013లో పదకొండుమంది మీద చేశారు. ల్యాబులో అల ఎప్పుడు లేస్తుందో కచ్చితంగా పట్టుకుని చప్పుడు వేస్తారు. నా పట్టీ మాత్రం పక్కకి తిరిగితే జారిపోతుంది, అలని ఏం పట్టుకుంటుంది. రాత్రి రెండింటికి "ష్ష్" మని చెవిలో వినిపించి దొంగలేమో అని లేచి కూర్చున్నాను. ఆపేశాను.

ఇంకో చిరాకు నోటిఫికేషన్లు. "నిద్రలో మీ మెదడు తనని తాను కడుక్కుంటుంది, ఇప్పుడే పడుకోండి" అని రాత్రి పదకొండున్నరకి. ఎలుకల మీద 2013లో వచ్చిన పని ఇది, నిద్రలో కణాల మధ్య సందులు పెరిగి ద్రవం పారి చెత్త కొట్టుకుపోతుందన్నారు, దేశదేశాల్లో అందరూ చెప్పుకున్నారు. 2024లో లండన్ ఇంపీరియల్ కాలేజీవాళ్లు ఎలుకల్లోనే ఇంకో పద్ధతిలో కొలిచి, నిద్రలోనూ మత్తులోనూ కడగడం తగ్గుతోందన్నారు. ఇప్పుడు రెండు పక్షాలూ కొలిచిన తీరు గురించి వాదించుకుంటున్నాయి. అసలు సంగతి ఇలా ఊగుతుంటే యాప్ మాత్రం ఏదో పంపు పెట్టి కడుగుతున్నట్టు బొమ్మ వేసి చూపిస్తుంది.

అసలు ఈఈజీ ఎలా ఉంటుందో మా మేనల్లుడి వల్ల దగ్గరగా చూశాను, అందుకే ఈ పోలిక పెడుతున్నాను. వాడికి పదకొండేళ్లు. తలంటు పోస్తుండగా ఫిట్స్ వచ్చాయి, ఒకసారి కాదు, మూడు ఆదివారాలు. మొదటిసారి పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి తాళాలగుత్తి చేతిలో పెట్టింది, ఇంకెవరో చెప్పు వాసన చూపించమన్నారు, ఆ హడావుడి మీకు తెలిసిందే (చేయాల్సింది పిల్లాణ్ని పక్కకి తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరిగెత్తడం). వైజాగ్ తీసుకెళ్తే న్యూరాలజిస్టు మొదట అడిగిన ప్రశ్న "నీళ్లు ఎంత వేడిగా పోస్తారమ్మా, చెంబుతో తలమీద పోస్తారా?" అని. వేడినీళ్లు తలమీద చెంబుతో గబగబా పోస్తే వచ్చే మూర్ఛ ఒకటుందనీ, ప్రపంచంలో ఎక్కువగా కనిపించేది మన దక్షిణాదిలోనే అనీ, బెంగళూరు నిమ్హాన్స్‌వాళ్లు దీని మీద ఏళ్లుగా పనిచేశారనీ మా చెల్లికి అప్పటిదాకా ఎలా తెలుస్తుంది. తలంటు వల్ల దిష్టి పోతుందనుకున్నాం, తలంటే తంటా తెచ్చింది.

ఈఈజీకి నూనె లేకుండా తలస్నానం చేయించి తీసుకురమ్మన్నారు, అదీ గోరువెచ్చని నీళ్లతోనే. రాత్రి పడుకోనివ్వొద్దన్నారు, నిద్ర చాలని మెదడులో దోషం త్వరగా బయటపడుతుందట. టెక్నీషియన్ అమ్మాయి టేపుతో వాడి తల నాలుగు వైపులా కొలిచి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, ఒక్కోచోట చర్మం రుద్ది, పేస్టు పెట్టి తీగ అంటించింది, ఇరవైకి పైనే, ముప్పావుగంట పట్టింది. ఈ కొలతల పద్ధతి 1958 నుంచి ప్రపంచమంతా ఒకటే, కాబట్టి వైజాగ్‌లో తీసింది వెల్లూరులో చూసినా ఏ గీత ఎక్కడిదో తెలుస్తుంది. "నాన్నా, కళ్లు తెరు, కళ్లు ముయ్యి, ఇప్పుడు పుట్టినరోజు కొవ్వొత్తి ఊదినట్టు మూడు నిమిషాలు ఊదు" అని, తర్వాత మొహం మీద మెరిసే లైటు. వాడు ఒక్కసారి తుమ్మితే ఆ అమ్మాయి గీత పక్కన "తుమ్ము" అని రాసుకుంది. నాకు అక్కడ వెలిగింది. నా పట్టీకి లేనిది తీగలు కాదు, పక్కన కూర్చుని తుమ్ముని తుమ్ము అని రాసే ఆ అమ్మాయి. రిపోర్టు దాదాపు నార్మల్ వచ్చింది, అయినా డాక్టరు "గీత నార్మల్ అయితే ఫిట్స్ లేవని కాదు, మీరు చెప్పిన కథే నాకు ముఖ్యం" అని, గోరువెచ్చని నీళ్లు, మగ్గుతో తలమీద పోయడం బంద్, తలస్నానానికి ముందు వేయాల్సిన ఓ మాత్ర రాశారు. అప్పటినుంచి మళ్లీ రాలేదు. మా బావగారు "మీ దగ్గరున్న పట్టీ పెట్టి ఇంట్లోనే చూడొచ్చుగా" అన్నారు. దయచేసి అలా ఎవరూ చేయకండి, ఆ నాలుగు సెన్సర్లకి తలలో చాలాచోట్ల ఏం జరుగుతోందో కనిపించదు.

నా నిద్రా చివరికి డాక్టరు దగ్గరే తేలింది. సైకియాట్రిస్టు అనగానే ఇంట్లో ఓ రోజు నిశ్శబ్దం, అది వేరే కథ. ఆయన ఐదు వందలు తీసుకుని, ముందు గురక గురించి మా ఆవిడని అడిగి (పట్టీ ఎనిమిది నెలల్లో గురక మాటే ఎత్తలేదు), తర్వాత మాత్ర రాయకుండా రెండు వారాల డైరీ రాయమన్నారు, ఆపైన పదకొండున్నర ముందు మంచం ఎక్కొద్దు, ఏమైనా ఐదున్నరకి లేవాలి, నిద్ర రాకపోతే దొర్లకుండా లేచి హాల్లో కూర్చో, మధ్యాహ్నం కునుకు లేదు అన్నారు. మొదటి పది రోజులు నరకం, బ్యాంకులో ఓ చెక్కు మీద తేదీ తప్పు వేశాను. మూడో వారం నుంచి మంచం ఎక్కితే నిద్ర. దీర్ఘకాల నిద్రలేమికి మాత్రల కంటే ముందు ఇలా అలవాట్లు మార్పించే చికిత్సే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లోనే చెప్పింది. ఆయన మొదట చేయించిన పని, పట్టీని నెలన్నర బీరువాలో పెట్టించడం.

డేటా గురించి ఒక మాట. మీ తల గీతలు వాళ్ల సర్వర్లోకి వెళ్తాయి, నేను నిబంధనలు మొత్తం చదివాను, "పరిశోధన కోసం" అన్న మాట దగ్గర టిక్ ముందే పెట్టి ఉంది. చిలీ దేశం 2021లో మెదడు సమాచారానికి రాజ్యాంగంలోనే రక్షణ రాసుకుంది, 2023లో అక్కడి ఓ మాజీ సెనేటర్ ఇలాంటి పట్టీ కొని, అమ్మిన అమెరికా కంపెనీ మీద సుప్రీంకోర్టుకి వెళ్తే, ఆయన డేటా చెరిపేయమని కోర్టు చెప్పింది. మన 2023 డేటా చట్టంలో మెదడు సమాచారమని విడిగా ఏమీ లేదు. పట్టీ మీ ఆలోచనలు చదివేస్తుందన్న భయం మాత్రం వద్దు. 2024లో కాలిఫోర్నియాలో మాట పడిపోయిన ఒక ఏఎల్ఎస్ (కండరాలు క్రమంగా పనిచేయకుండా పోయే నరాల జబ్బు) రోగి చెప్పాలనుకున్న మాటల్ని కంప్యూటర్ 97 శాతం దాకా సరిగ్గా పలికించింది, నిజమే, దానికి పుర్రె తెరిచి మెదడులోనే 256 ఎలక్ట్రోడ్లు పెట్టారు, ఆ మనిషి గంటల కొద్దీ కూర్చుని నేర్పించాడు. నుదుటి మీదా చెవుల వెనకా ఉన్న నాలుగు సెన్సర్లకి అదంతా చేతకాదు. అయినా నేను ఎప్పుడు పడుకుంటున్నానో ఎప్పుడు లేస్తున్నానో వాళ్లకెందుకు? టిక్ తీసేశాను, మీరూ తీసేయండి.

మిగతావి గబగబా. ఛార్జింగ్ రెండు రాత్రులు వస్తుంది. ఉతకొచ్చన్నారు గానీ చెమట ఉప్పుకి చెవి వెనక సెన్సరు పూత నాలుగో నెలలోనే తెల్లబడింది, మార్చమంటే కస్టమర్ కేర్ "మీ దేశంలో కొన్న వస్తువు కాదు కదా" అని రెండు నెలలుగా ఈమెయిళ్లతో ఆడిస్తోంది, తెప్పించుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. తెలుగు లేదు, హిందీ కూడా లేదు. చందా కట్టకపోతే పాత లెక్కలు తాళం వేసేస్తుంది, నా తల గీతలకి నేనే అద్దె కట్టాలన్నమాట.

స్టార్లు ఇమ్మంటే, మనశ్శాంతి కోసం అయితే ఒకటి, నిద్ర బాగుచేయడానికి అయితే ఒకటి, నిద్ర లెక్కకి మూడు, గీతలు చూసి ఆశ్చర్యపోవడానికి నాలుగున్నర. ఇంతే డబ్బు పెట్టగలిగి, పిల్లలున్న ఇల్లయితే, లేదా కాలేజీలో ఫిజియాలజీ చెప్పేవారైతే ఆనందంగా కొనండి. నిద్ర కోసమైతే ఆ డబ్బుతో యాభైసార్లు డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు.

ఇప్పుడది మేనల్లుడి దగ్గరుంది. స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కి వాడు నూనె పెట్టుకోని ఒక ఫ్రెండ్‌ని పట్టుకుని, ప్రొజెక్టర్ మీద అసలు గీతల పేజీ తెరిచి, కళ్లు ముయ్యి అనీ తెరు అనీ చెబుతూ ఆల్ఫా చూపించాడు. ఆ ఫ్రెండు మధ్యలో తుమ్మాడట. మావాడు చార్టు మీద స్కెచ్ పెన్నుతో "తుమ్ము" అని రాశాడు.